ఒక్క కుదుపుతో ఆగిపోయిన కొత్త పీసీ: ఒక కేసు

కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ కావడం లేదని మా షాపుకి నెలకు రెండో మూడో వస్తుంటాయి. చాలావాటికి పది నిమిషాలు చాలు. ర్యామ్ పూర్తిగా దిగి ఉండదు, ప్రాసెసర్ పక్కన పెట్టాల్సిన ఎనిమిది పిన్నుల వైరు మర్చిపోయి ఉంటారు, లేదా పవర్ బటన్ వైరు పక్క పిన్నుకి తగిలించి ఉంటారు. అవి రాసేంత కేసులు కావు. ఇది రాస్తున్నది వేరే కారణంతో. ఇందులో నేను బాగున్న మదర్‌బోర్డును (మిగతా భాగాలన్నీ కూర్చునే పెద్ద బోర్డు) పట్టుకుని "పోయింది" అని చెప్పాను. మర్నాడు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎక్కడ దారి తప్పానో వరుసగా పెడితే ఇదే పనిలో ఉన్న ఇంకొకరికి పనికొస్తుందేమో.

ఊరు, మనుషులు, బోర్డు కంపెనీ, మధ్యలో వచ్చిన ఇంకో షాపు, వీటి వివరాలేవీ రాయడం లేదు. కోస్తాలో ఒక చిన్న పట్టణం, వేసవి సెలవులు. అంతవరకు చాలు.

నేపథ్యం

కుర్రాడు బీటెక్ రెండో సంవత్సరం. ఇంట్లో ల్యాప్‌టాప్ కొందామనుకున్నారు. అదే డబ్బుకి డెస్క్‌టాప్ అయితే రెట్టింపు పని చేస్తుందని ఇతను తండ్రిని ఒప్పించాడు. ప్రాజెక్టుల కోసమన్నాడట. గేమ్స్ సంగతి నాకు తర్వాత తెలిసింది.

సామాన్లు ఒకేసారి కొనలేదు. డబ్బు అందినప్పుడల్లా ఒకటి చొప్పున నాలుగైదు నెలలు కూడబెట్టాడు. ఏఎమ్‌డీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాని డబ్బాలోనే వచ్చిన కూలర్ (ప్రాసెసర్ని చల్లబరిచే ఫ్యాన్). బి450 చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు. 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు. 500 జీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ. ఎవరో వాడి అమ్మిన గ్రాఫిక్స్ కార్డు. 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటిచ్చే డబ్బా). పెద్ద బోర్డులు కూడా పట్టే ఏటీఎక్స్ కేబినెట్. ఒక రాత్రంతా వీడియోలు చూస్తూ తనే బిగించాడు. తెల్లవారుజామున బటన్ నొక్కాడు.

ఈ జాబితా చూడగానే చదివేవాళ్లలో కొందరికి అసలు సంగతి తట్టే ఉంటుంది. ఆ రోజు నాకు తట్టలేదు. "బోర్డు పాత స్టాక్ అన్నా, సగానికి సగం తక్కువకి దొరికింది" అని కుర్రాడు గర్వంగా చెప్పాడు కూడా. విన్నాను, కాగితం మీద రాసుకోలేదు.

వచ్చిన సమస్య

తండ్రీ కొడుకులు కేబినెట్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు. కౌంటర్ మీద పెడుతూనే తండ్రి అన్నారు: "కొత్త వస్తువండీ. ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. పైగా ముట్టుకుంటే షాక్ కొడుతోంది."

ఇందులో రెండు ఫిర్యాదులున్నాయి. అందరూ వాటిని ఒకటిగా విన్నారు. షాక్ కొడుతోంది కాబట్టి ఎక్కడో కరెంటు లీకవుతోంది, లీకవుతోంది కాబట్టే ఆన్ కావడం లేదు అని లెక్క వేసుకున్నారు. అంతకుముందు వాళ్లు వెళ్లిన షాపులోనూ అదే లెక్క. అక్కడి కుర్రాడు ఇంటికొచ్చి కేబినెట్ రేకుకి టెస్టర్ పెట్టాడు. టెస్టర్ వెలిగింది. "ఎస్ఎంపీఎస్ పోయింది" అన్నాడు. 3,200 రూపాయలకి కొత్తది వేశాడు. ఫ్యాన్లు మళ్లీ ఒక్క కుదుపు కదిలి ఆగిపోయాయి, అదే షాక్. ఆ తర్వాత "ఇది హైదరాబాద్ తీసుకెళ్లాల్సిందే" అని చేతులెత్తేశాడు.

టెస్టర్ వెలగడంలో తప్పేమీ లేదు. ఎస్ఎంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే దారిలో ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి రేకుకి ఒకటి, న్యూట్రల్ నుంచి రేకుకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు మీదే నిలుస్తుంది. అప్పుడు రేకు మీద ఇంటి వోల్టేజీలో దాదాపు సగం కనబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి వేలు జివ్వుమంటుంది, అంతే. టెస్టర్ మాత్రం శుభ్రంగా వెలుగుతుంది. అంటే ఆ వెలుగు ఎస్ఎంపీఎస్ గురించి ఏమీ చెప్పడం లేదు, ఇంటి గోడ గురించి చెబుతోంది. అందుకే షాక్ సంగతిని వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టాను. రెండు ఫిర్యాదుల్ని కలపకుండా ఉండడం ఒక్కటే ఈ కేసులో మొదటి రోజు నేను సరిగ్గా చేసిన పని.

తర్వాత కుర్రాణ్ణి అడిగాను: "ఏం పోయిందో చెప్పకు. ఏం కనబడిందో చెప్పు."

"బటన్ నొక్కగానే ఫ్యాన్లన్నీ ఒక పావు చుట్టు తిరిగి ఆగిపోతాయి. లైట్లు ఒక్కసారి మెరుస్తాయి. మళ్లీ నొక్కితే ఏమీ ఉండదు."

"ఎప్పటికీ ఉండదా?"

"ప్లగ్ తీసి కాసేపాగి పెడితే మళ్లీ ఒక్కసారి కదులుతాయి."

ఈ చివరి మాట నాకు బంగారం. ఆన్ కాని పీసీలు నా దృష్టిలో మూడు రకాలు. నొక్కినా చలనమే లేనిది ఒకటి. అక్కడ ముందు బటన్ని, దాని వైరుని, ఎస్ఎంపీఎస్‌ని చూస్తాను. ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతూ స్క్రీన్ మీద ఏమీ రానిది రెండోది. అందులో కరెంటు బాగానే ఉంది, బోర్డు తన పని మొదలుపెట్టలేకపోతోంది. ఒక్క కుదుపుతో ఆగిపోయేది మూడోది. ఎస్ఎంపీఎస్ లేచింది, ఏదో చూసి భయపడి మూసుకుంది. అలా మూసుకున్నాక గోడ దగ్గర కరెంటు తీసి పెడితే తప్ప మళ్లీ లేవకపోవడం షార్ట్ సర్క్యూట్ రక్షణ పని చేస్తున్న లక్షణం. మనం "పోయింది" అంటున్న ఎస్ఎంపీఎస్ నిజానికి కాపలా కాస్తోంది.

మొదటి చిక్కు

అనుమానం షార్ట్ మీదే ఉన్నా ఎస్ఎంపీఎస్‌ని కొలవకుండా వదల్లేదు. కొత్తదైనంత మాత్రాన బాగున్నట్టు కాదు. 24 పిన్నుల కనెక్టర్‌ని బోర్డు నుంచి తీసి, ఆన్ చేసే పిన్నుని పక్కనున్న గ్రౌండ్‌కి చిన్న వైరుతో కలిపాను. పాత వాటిలో అది ఆకుపచ్చ వైరు. ఇప్పటి వాటిలో అన్నీ నల్లవే కాబట్టి లెక్క పెట్టుకోవాలి. క్లిప్పు ఉన్న వరుసలో 13 నుంచి మొదలుపెడితే నాలుగోది, 16వ పిన్. దానికి రెండు పక్కలా గ్రౌండే. ఎస్ఎంపీఎస్ ఆగకుండా తిరిగింది. 12 వోల్టుల లైను 12.1, 5 వోల్టులది 5.03, 3.3 వోల్టులది 3.32 చూపించాయి. అటూ ఇటూ 5 శాతం వరకు తేడా ఉన్నా ఫర్వాలేదు. లోడు లేకుండా చేసే ఈ పరీక్షతో ఎస్ఎంపీఎస్ నూటికి నూరు పాళ్లు బాగుందని చెప్పలేం. కానీ ఒక్క కుదుపుతో ఆగడానికి కారణం చాలావరకు అది కాదని చెప్పొచ్చు. తండ్రిగారు సంచిలో పాత ఎస్ఎంపీఎస్ కూడా తెచ్చారు. దాన్నీ అలాగే చూశాను. అదీ బాగానే ఉంది. ఆయన మొహం చూడలేకపోయాను.

ఇక మీటర్ని బీప్ మోడ్‌లో (రెండు చోట్లు నేరుగా కలిసి ఉంటే మోగుతుంది) పెట్టి, అన్ని వైర్లూ తీసేసిన బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల సాకెట్‌ని వెతికాను. అందులో 12 వోల్టుల పిన్ను మీద ఒక ముల్లు, కేబినెట్ స్క్రూ మీద ఇంకో ముల్లు పెట్టగానే బీప్ మంది. ఓమ్‌లలో చూస్తే సున్నాకి దగ్గర. మామూలుగా అక్కడ మీటరు తక్కువ అంకెతో మొదలై, కెపాసిటర్లు నిండేకొద్దీ పైకి పోతుంది. ఇది కదల్లేదు.

ఇక్కడ రెండు దారులు. బోర్డు మీదే ఏదో కాలి షార్ట్ అయి ఉండొచ్చు, లేదా బోర్డుకి, కేబినెట్‌కి మధ్య ఏదో తగులుతూ ఉండొచ్చు. తేల్చడానికి బోర్డును బయటికి తీస్తే చాలు. గ్రాఫిక్స్ కార్డు తీసి, ఆరు స్క్రూలు విప్పి, బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టాను. వెండి రంగు యాంటీస్టాటిక్ కవరు మీద పెట్టకూడదు. అలాంటి కవర్లలో కొన్నిటి పైపొర గుండా కరెంటు పారుతుంది. మళ్లీ కొలిస్తే షార్ట్ లేదు. అంకె మెల్లగా పైకి ఎక్కింది.

కేబినెట్ లోపలికి చూస్తే సంగతి అర్థమైంది. బోర్డును రేకుకి తగలకుండా ఎత్తిపెట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు ఎనిమిది బిగించి ఉన్నాయి. బోర్డుకి రంధ్రాలు ఆరే. కుర్రాడు కేబినెట్‌తో వచ్చిన పొట్లంలో ఎన్ని ఉంటే అన్నీ, రేకులో రంధ్రం కనబడ్డ ప్రతిచోటా పెట్టేశాడు. ఎక్కువైన రెండింటిలో ఒకటి బోర్డుకి అవతల ఉంది, దానివల్ల నష్టం లేదు. రెండోది సరిగ్గా ప్రాసెసర్‌కి కరెంటిచ్చే భాగం కింద, ఒక కెపాసిటర్ కాళ్లకి నొక్కుకుని ఉంది. ఇత్తడి మీద ఆవగింజంత నల్ల మచ్చ. బోర్డు వెనక పచ్చ పూత చిన్నగా గీసుకుపోయింది.

"గట్టిగా ఉంటుందని అన్నీ వేశానన్నా" అన్నాడు కుర్రాడు. పద్ధెనిమిదేళ్ల కిందట నేను కూడా ఒకరి బోర్డుకి ఇదే చేశాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ఎక్కడ తప్పాను

అదనపు స్టాండాఫ్ తీసేశాను. కేబినెట్లో బిగించే ముందు అట్టపెట్టె మీదే పరీక్షిద్దామని ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ పెట్టి, పవర్ పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో తాకించాను. ఫ్యాన్లు తిరిగాయి. ఆగలేదు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లున్నాయి: ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్. మొదటిది వెలిగి అలాగే ఉండిపోయింది.

ర్యామ్ మార్చాను, స్లాటు మార్చాను. మా షాపులోని ర్యామ్ పెట్టాను. బ్యాటరీ తీసి బయోస్ (బోర్డులోనే ఉండి పీసీని మొదలుపెట్టే ప్రోగ్రామ్) సెట్టింగులు చెరిపేశాను. గ్రాఫిక్స్ కార్డుని వేరే పీసీలో పెడితే పని చేసింది. చివరికి ర్యామ్ మొత్తం తీసేసి, చిన్న స్పీకర్ తగిలించి ఆన్ చేశాను. ఇది నాకు నమ్మకమైన పరీక్ష. ప్రాసెసర్, బోర్డు బతికుంటే ర్యామ్ లేదని బోర్డు కేక పెడుతుంది, ర్యామ్ లైటైనా వెలుగుతుంది. ఇక్కడ ఏమీ మారలేదు. కేక లేదు, ప్రాసెసర్ లైటు కదల్లేదు. అంటే ఇంకా ర్యామ్ దాకా రాలేదు, అంతకుముందే ఆగిపోతోంది.

ఇంతవరకు తర్కం బాగానే ఉంది. తప్పు ఆ తర్వాతి అడుగులో జరిగింది. "ర్యామ్ దాకా రాలేదంటే ప్రాసెసర్ అయినా పోయి ఉండాలి, బోర్డైనా పోయి ఉండాలి" అనుకున్నాను. కళ్లముందే ఆవగింజంత కాలిన మచ్చ ఉంది. షార్ట్ అయింది కూడా ప్రాసెసర్‌కి కరెంటిచ్చే చోట. కాబట్టి బోర్డే అని తేల్చేశాను. ఒక నేరం దొరికితే మిగతా నేరాలన్నీ ఆ దొంగ మీదే వేసే పోలీసులా చేశాను.

సాయంత్రం తండ్రిగారికి ఫోన్ చేసి "బోర్డు పోయినట్టుందండీ" అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఎంతవుతుందండీ" అన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మళ్లీ మొదటికి

రాత్రి షాపు మూసేముందు రెండు విషయాలు కుదరడం లేదనిపించింది. ఒకటి ఎస్ఎంపీఎస్ సంగతి. ప్రతిసారీ వెంటనే మూసుకుంది, ఒక్కసారి కూడా షార్ట్ లోకి ఎక్కువసేపు కరెంటు పారించలేదు. పొగ లేదు, వాసన లేదు. ఇంత త్వరగా రక్షణ పని చేసినచోట బోర్డు చచ్చిపోవడం నేను చాలా తక్కువ చూశాను. రెండోది నేను చేయకుండా వదిలేసిన కొలత. ప్రాసెసర్ పక్కన వరుసగా ఉండే కాయిల్స్ మీద, బోర్డు ఆన్‌లో ఉండగా, వోల్టేజీ చూడలేదు. కరెంటిచ్చే భాగం కాలిందని తీర్పు చెప్పి, ఆ భాగం కరెంటిస్తోందో లేదో చూడకపోవడం ఏ రకంగానూ సమర్థించుకోలేను.

అప్పుడు చూశాను. 1 వోల్టుకి కాస్త అటూ ఇటూగా నిలకడగా ఉంది. కూలర్ అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. కరెంటు వస్తోంది, ప్రాసెసర్ తీసుకుంటోంది. ఇద్దరూ బతికే ఉన్నారు. మరి ఇద్దరూ ఎందుకు మాట్లాడుకోవడం లేదు?

ఆ ప్రశ్న అలా వేసుకున్నాకే బోర్డు అట్టపెట్టె వైపు చూశాను. అది పొద్దుట్నుంచీ నా చేతి కిందే ఉంది, దాని మీదే పరీక్షలన్నీ చేశాను. మూలన ఒక స్టిక్కర్ ఉంది: "రైజెన్ 3000 డెస్క్‌టాప్ రెడీ".

బి450 బోర్డులు వచ్చింది 2018లో. రైజెన్ 3000 ప్రాసెసర్లు 2019లో వచ్చాయి, ఆ స్టిక్కర్ అప్పటిది. రైజెన్ 5 5600 మార్కెట్లోకి వచ్చింది 2022 ఏప్రిల్లో. బోర్డు లోపలి బయోస్ 2019 నాటిదైతే, మూడేళ్ల తర్వాత పుట్టిన ప్రాసెసర్ అది వినని పేరు. సాకెట్ ఒకటే, 1,331 పిన్నులూ చక్కగా కూర్చుంటాయి. కానీ పలకరింపు ఉండదు. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ రాదు, ప్రాసెసర్ లైటు వెలుగుతుంది. బోర్డు చచ్చినా అచ్చం ఇలాగే ఉంటుంది.

బి450 బోర్డులకి రైజెన్ 5000 తరాన్ని (5600 ఈ తరానిదే) ఇవ్వబోమని ఏఎమ్‌డీ 2020 మే నెలలో ముందు చెప్పింది. వాడేవాళ్లు గోల చేశాక అదే నెలలో మాట మార్చుకుని, కొత్త బయోస్‌తో ఇస్తామంది. అందుకే ఈ జోడీ అయోమయంగా ఉంటుంది. వెబ్‌సైటులో చూస్తే "పని చేస్తుంది" అని ఉంటుంది. అది నిజమే, కాకపోతే ఏ బయోస్ నుంచి అన్నది పక్క గడిలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కుర్రాడు మొదటి గడి చదివాడు. ఆ రాత్రి దాకా నేను రెండు గడులూ చదవలేదు.

నా అనుమానితుల జాబితాలో ప్రాసెసర్, బోర్డు ఉన్నాయి, బయోస్ లేదు. చేత్తో తీసి పక్కన పెట్టగల వస్తువు కాదు కాబట్టి దాన్ని విడిభాగంగా లెక్కే పెట్టలేదు.

పని చేసింది

కొన్ని బోర్డులకి వెనక ఒక బటన్ ఉంటుంది. ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించుకోవచ్చు. దీనికి అది లేదు. ఇక మిగిలిన దారి, పాత బయోస్ గుర్తుపట్టే ప్రాసెసర్ని తాత్కాలికంగా పెట్టడం. పక్క ఊళ్లో ఇదే పని చేసే మిత్రుడి దగ్గర రైజెన్ 3 2200జీ ఉందని తెలుసు. 2018 నాటిది, దాంట్లోనే గ్రాఫిక్స్ ఉంది. పొద్దున్నే బైకు మీద వెళ్లి తెచ్చాను.

కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త పడాలి. ఈ సాకెట్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే ముద్ద) గట్టిపడి పట్టుకుంటే, కూలర్‌ని నిట్టనిలువుగా లాగితే లాక్ వేసి ఉన్నా సరే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా వదులు చేసి, కూలర్‌ని ఎత్తకుండా ముందు ఎడమకీ కుడికీ తిప్పాను. విడిపోయింది.

2200జీ పెట్టి, మానిటర్ వైరు బోర్డుకే తగిలించి ఆన్ చేశాను. అర నిమిషంలో స్క్రీన్ వచ్చింది. బయోస్ తేదీ చూస్తే 2019. తండ్రిగారికి వెంటనే ఫోన్ చేశాను. "నిన్న చెప్పింది తప్పండీ, మీ బోర్డు బాగానే ఉంది" అన్నాను. ఈసారి ఆయనే ఎక్కువ మాట్లాడారు.

బయోస్ ఎక్కించేటప్పుడు ఒకేసారి చివరి వెర్షన్‌కి దూకలేదు. కంపెనీ పేజీలో, మరీ పాత బయోస్ ఉన్నవాళ్లు ముందు ఒక మధ్య వెర్షన్ వేసుకోవాలని రాసి ఉంది. అలాగే రెండు మెట్లలో ఎక్కించాను. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను. ఇంకో చూపు కూడా చూసుకోవాలి. బయోస్ చిప్పులో చోటు చాలక, కొత్త వెర్షన్లలో కొన్ని పాత ప్రాసెసర్లని తీసేస్తుంటారు. రెండో మెట్టు ఎక్కేలోపు చేతిలో ఉన్న ప్రాసెసర్ జాబితాలోంచి పోతే మధ్యలో చిక్కుకుంటాం. 2200జీ రెండు వెర్షన్ల జాబితాల్లోనూ ఉంది. బోర్డుని యూపీఎస్ మీద పెట్టాను. వేసవిలో మధ్యాహ్నం రెండింటికి మా ఊళ్లో కరెంటుని నమ్మి బయోస్ ఎక్కించేంత ధైర్యం నాకు లేదు.

తర్వాత 5600ని తిరిగి కూర్చోబెట్టి, కొత్త పేస్ట్ వేసి, మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకి మార్చి ఆన్ చేశాను. కొత్త ప్రాసెసర్ వచ్చిందని బోర్డే అడిగింది. ఒప్పుకుని ముందుకెళ్లాను.

కేబినెట్లోకి ఎక్కించే ముందు కుర్రాడు బిగించేటప్పుడు తీసిన ఫోటోలు చూపించమన్నాను. అతను అడుగడుక్కీ ఫోటో తీశాడు. రెండు సంగతులు దొరికాయి. బోర్డు పెట్టకముందు తీసిన ఫోటోలో ఎనిమిది స్టాండాఫ్‌లూ లెక్కపెట్టగలిగేలా కనబడుతున్నాయి. మొదటి రోజే అడిగి ఉంటే మీటరు ముట్టుకోకుండానే తేలేది. చివరి ఫోటోలో మానిటర్ హెచ్‌డీఎంఐ వైరు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి తగిలించి ఉంది. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, బోర్డు మీద ఆ కన్నం ఉన్నా ఉత్తదే. అంటే స్టాండాఫ్ సరిగ్గా ఉండి, బయోస్ కొత్తదై ఉన్నా, ఆ రాత్రి అతనికి నల్ల స్క్రీనే కనబడేది. మూడు తప్పులు క్యూ కట్టి నిలబడ్డాయి. మొదటిది తీస్తే తప్ప రెండోది బయటపడదు, రెండోది తీస్తే తప్ప మూడోది కనబడదు.

ఇలాంటిచోట ఒక్కో భాగం మార్చి చూసే పద్ధతి మోసం చేస్తుంది. స్టాండాఫ్ షార్ట్ ఉండగా ఎస్ఎంపీఎస్ మార్చారు, ఫలితం లేదు. అదే స్థితిలో కొత్త బోర్డు తెచ్చి ఆ కేబినెట్లోనే బిగించి ఉంటే అదీ కుదుపుతోనే ఆగేది. "రెండు బోర్డులు పోయాయి, కాబట్టి ప్రాసెసరే వాటిని చంపుతోంది" అనే నిర్ణయానికి వచ్చినవాళ్లని నేను చూశాను. మార్చి చూడడం మంచి పద్ధతే. కానీ లక్షణం మారిందా లేదా అన్నది చూడాలి, ఆన్ అయిందా లేదా అన్నది మాత్రమే కాదు. కుదుపు పోయి ఫ్యాన్లు తిరగడం ఒక మెట్టు ఎక్కడం. నేను దాన్ని మెట్టుగా లెక్కపెట్టకుండా, "ఇంకా ఆన్ కాలేదు" అనే పాత సంచిలోనే వేశాను.

ఇంటి దగ్గర

షాక్ కాగితం ఇంకా మిగిలే ఉంది. పీసీ తీసుకెళ్లి ఇంట్లో పెట్టినప్పుడు నేనూ వెళ్లాను. సాకెట్‌కి మూడు కన్నాలున్నాయి. మీటరుతో చూస్తే ఫేజ్‌కి, న్యూట్రల్‌కి మధ్య 228 వోల్టులు. ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. అంకె ఒకచోట నిలవకుండా తిరుగుతోంది. హోల్డర్‌కి బల్బు పెట్టి ఫేజ్‌కి, ఎర్త్‌కి కలిపితే వెలగలేదు. సాకెట్ విప్పితే మూడో పిన్నుకి అసలు వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు పెరట్లో ఎర్త్ గుంత తీశారని, ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూనే ఉన్నామని ఇంట్లో పెద్దావిడ చెప్పారు. గుంత ఉంది, పైపు ఉంది, ఏళ్ల తరబడి నీళ్లూ పోశారు. అక్కణ్ణుంచి ఆ గదికి వైరు లాగలేదు.

ఆ పని నాది కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవమన్నాను. వైరు లాగేదాకా పీసీని ఆన్ చేయొద్దని చెప్పాను. పీసీ దాని ఎస్ఎంపీఎస్‌తో బాగానే నడుస్తుంది, కానీ ఎప్పుడైనా లోపల నిజంగా ఏదైనా తెగి ఫేజ్ రేకుకి తగిలితే కరెంటు పోవడానికి దారి లేదు. కుర్రాడు మూడు రోజులు ఆగాడో లేదో నాకు తెలియదు. నాలుగో రోజు వైరు లాగారని, జివ్వుమనడం పోయిందని ఫోన్ చేశాడు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

రాసుకునే కాగితంలో రెండు గడులు పెంచాను. ఒకటి, ప్రతి భాగం మార్కెట్లోకి వచ్చిన సంవత్సరం. ప్రాసెసర్ సంవత్సరం బోర్డు సంవత్సరం కంటే తర్వాతదైతే, స్క్రూ విప్పకముందే బయోస్ జాబితా చూస్తాను. ఇది ఏఎమ్‌డీకే పరిమితం కాదు. ఇంటెల్ బి660 బోర్డు మీద 14వ తరం ప్రాసెసర్ పెట్టినా, కొత్త ఏఎమ్5 సాకెట్లో బి650 బోర్డు మీద రైజెన్ 9000 పెట్టినా ఇదే గొడవ రావచ్చు. రెండో గడిలో "పోయింది" అని చెప్పే ముందు చేసిన కొలత ఏంటో రాయాలి. కొలత లేకపోతే ఫోన్ చేయకూడదు.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త పీసీల విషయంలో ఇంకో మాట కలపాలి. ఏఎమ్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉంటాయి. అది తెలియక మధ్యలో ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి, పోయిందని తెచ్చేవాళ్లున్నారు. వాళ్ల పీసీని ఆన్ చేసి టీ తాగి రావడమే చికిత్స.

ఈ పనికి 700 తీసుకున్నాను. బోర్డు పోయిందని చెప్పిన రోజుకి ఏమీ వేయలేదు. అనవసరంగా కొన్న ఎస్ఎంపీఎస్ డబ్బు వెనక్కి ఇవ్వమని ఆ షాపుని అడగమన్నాను. సగం ఇచ్చారట, వస్తువు కూడా వెనక్కి తీసుకున్నారట. కుర్రాడు తన పాతదే మళ్లీ బిగించుకున్నాడు, ఈసారి నేను పక్కన నిలబడి చూస్తుండగా. స్టాండాఫ్‌లు ఆరు లెక్కపెట్టి, మిగిలిన రెండూ పొట్లంలో వేసి నాకిచ్చాడు. మిత్రుడి 2200జీ మాత్రం ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది. అడిగినప్పుడల్లా వచ్చే వారం ఇస్తానంటున్నాను.